ఓవర్‌డ్రైవ్ ఉన్న పాత కారుకు వెనక యాక్సిల్ రేషియో ఎంచుకోవడం: కొలత నుంచి రోడ్డు పరీక్ష దాకా

"ఓవర్‌డ్రైవ్ బిగించాను. ఇప్పుడు యాక్సిల్ రేషియో ఎంత పెట్టాలి?" పాత కార్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఓవర్‌డ్రైవ్ అంటే అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు. యాక్సిల్ రేషియో అంటే వెనక చక్రాలు ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. టైరు సైజు, గేర్‌బాక్స్‌లో మొదటి గేరు, ఇంజిన్ బలం, నడిపే రోడ్లు తెలియకుండా ఒక అంకె చెప్పేస్తే అది చీకట్లో బాణం వేసినట్టే. అందుకే ఇక్కడ అంకె కాకుండా, మీ అంకెను మీరే తేల్చుకునే వరుస ఇస్తున్నాను.

ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోండి. యాక్సిల్ రేషియో మారిస్తే రివర్స్‌తో సహా అన్ని గేర్లూ మారిపోతాయి. ఓవర్‌డ్రైవ్ మార్చేది పైనున్న ఒకటి రెండు గేర్లనే. కాబట్టి కారు కదలడానికి, ఎక్కుడు ఎక్కడానికి, డైరెక్ట్ టాప్‌లో (ఓవర్‌డ్రైవ్ వేయని పై గేరులో) హాయిగా లాగడానికి సరిపోయేలా యాక్సిల్‌ని ఎంచుకోవాలి. హైవే మీద ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) తగ్గించే పని ఓవర్‌డ్రైవ్‌కి వదిలేయాలి. ఆ పని కూడా యాక్సిల్ మీదే పెట్టడం వల్లే చాలా మార్పిళ్లు పాడవుతున్నాయి.

## 1. అంకెలు చదవడం

వెనక యాక్సిల్‌లో షాఫ్ట్ చివర ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్. క్రౌన్ వీల్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే యాక్సిల్ రేషియో. 43 పళ్ల క్రౌన్, 11 పళ్ల పినియన్ అయితే 3.909. 41కి 10 అయితే 4.10. 39కి 11 అయితే 3.545.

అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, అదే వేగానికి ఇంజిన్ ఆర్పీఎం కూడా ఎక్కువ. అంకె చిన్నదైతే రెండూ తగ్గుతాయి. "హై రేషియో", "లో రేషియో" అన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. సామాను ఆర్డర్ చేసేటప్పుడు పళ్ల సంఖ్యే చెప్పండి.

ఓవర్‌డ్రైవ్ రేషియో 1 కంటే తక్కువ ఉంటుంది. లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ యూనిట్లలో రకాన్ని బట్టి సుమారు 0.78 నుంచి 0.82 దాకా. బోర్గ్ వార్నర్ ఆర్10, ఆర్11 యూనిట్లలో 0.70. జీఎం (జనరల్ మోటార్స్) 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నాలుగో గేరు 0.70, ఫోర్డ్ ఏఓడీలో 0.67.

యాక్సిల్ అంకెను ఓవర్‌డ్రైవ్ అంకెతో గుణిస్తే ఇంజిన్‌కి, చక్రానికి మధ్య నిజంగా ఎంత ఉందో తెలుస్తుంది. 3.909 × 0.82 = 3.205. ఇకమీద దీన్ని "మొత్తం రేషియో" అంటాను.

## 2. ముందు కొలవండి, తర్వాత ఆలోచించండి

పాత కారు పుస్తకంలో ఉన్న అంకెను నమ్మకండి. ఇన్నేళ్లలో యాక్సిల్ మారి ఉండొచ్చు, గేర్‌బాక్స్ కూడా మారి ఉండొచ్చు.

యాక్సిల్ రేషియో. డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే భాగం) బోల్టు కింద రేకు ట్యాగ్ ఉందా, హౌసింగ్ మీద అంకెలు కొట్టి ఉన్నాయా చూడండి. ఉన్నా సరే, ఒకసారి తిప్పి సరిచూసుకోండి.

1. సమతలమైన నేల మీద ముందు చక్రాలకు చెక్కలు పెట్టండి. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి.
2. ఒక వెనక చక్రం నేల మీదే ఉండాలి, దానికీ ముందూ వెనకా చెక్కలు పెట్టండి. రెండోదాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్ పెట్టి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ వదలండి.
3. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కి వెళ్లే కడ్డీ) మీద సుద్దతో గుర్తు పెట్టండి.
4. లేపిన చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో మరొకరు లెక్కపెట్టాలి.
5. వచ్చిన సంఖ్యను 10తో భాగించండి. షాఫ్ట్ 39 చుట్లు దాటి కాస్త తిరిగితే మీది 3.909.

ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ వీల్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే 20కి బదులు 10తో భాగించాం. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలు వేర్వేరుగా తిరగకుండా అడ్డుకునే ఏర్పాటు) ఉన్న యాక్సిల్‌కి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ రెండు చక్రాలూ స్టాండ్ల మీదకు లేపి 10 చుట్లు తిప్పాలి.

టైరు చుట్టుకొలత. టైరు మీద రాసిన సైజు నుంచి లెక్కకడితే అసలు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. బరువు పడ్డాక టైరు అణుగుతుంది కదా. గాలి సరిగా పెట్టి, డ్రైవర్ కూర్చున్నాక కారును ఐదు చుట్లు తిన్నగా తోయించి, నేల మీద దూరం కొలిచి ఐదుతో భాగించండి. 165ఆర్14 టైరుకు సుమారు 1.90 మీటర్లు వస్తుంది.

ఓవర్‌డ్రైవ్ నిజంగా పట్టుకుంటోందా. దీన్ని చాలామంది వదిలేస్తారు. డైరెక్ట్ టాప్‌లో గంటకు 80 కి.మీ. వద్ద ఆర్పీఎం రాసుకోండి. అదే వేగంలో ఓవర్‌డ్రైవ్ వేసి మళ్లీ రాసుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే యూనిట్ రేషియో రావాలి. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే ఓవర్‌డ్రైవ్ జారుతోందని, లేదా క్లచ్ జారుతోందని అర్థం. అది బాగుచేయకుండా యాక్సిల్ జోలికి వెళ్లకండి.

ముందుకు వెళ్లే ముందు ఇవి కాగితం మీద ఉండాలి:

- కొలిచిన యాక్సిల్ రేషియో
- కొలిచిన టైరు చుట్టుకొలత, మీటర్లలో
- గేర్‌బాక్స్‌లో ప్రతి గేరు రేషియో
- ఓవర్‌డ్రైవ్ రేషియో, అది ఏ గేర్లలో పనిచేస్తుంది
- ఇంజిన్ గరిష్ఠ టార్క్ (తిప్పే బలం), అది వచ్చే ఆర్పీఎం
- మనుషులు, సామానుతో కారు బరువు
- మీరు ఎక్కువగా వెళ్లే వేగం, రోడ్డులో ఎక్కుడులు

టైర్లు మార్చే ఆలోచన ఉంటే ముందు అదే చేయండి. 165ఆర్14 తీసేసి 185/60ఆర్14 వేస్తే చక్రం సుమారు 8 శాతం చిన్నదవుతుంది. 3.909 యాక్సిల్ అప్పుడు దాదాపు 4.23లా నడుస్తుంది. "హైవే మీద ఇంజిన్ అరుస్తోంది" అన్న కొన్ని ఫిర్యాదులకు మందు టైరులోనే ఉంటుంది.

## 3. ఆర్పీఎం లెక్క

సూత్రం ఇది: వేగం × 16.67 × మొత్తం రేషియో ÷ టైరు చుట్టుకొలత. వేగం గంటకు కిలోమీటర్లలో, చుట్టుకొలత మీటర్లలో ఉండాలి.

1.90 మీటర్ల టైరు, 0.82 ఓవర్‌డ్రైవ్, గంటకు 100 కి.మీ. వేగం అనుకుందాం:

- 4.10 యాక్సిల్: డైరెక్ట్‌లో సుమారు 3,600, ఓవర్‌డ్రైవ్‌లో 2,950
- 3.909 యాక్సిల్: 3,430, ఓవర్‌డ్రైవ్‌లో 2,810
- 3.70 యాక్సిల్: 3,250, ఓవర్‌డ్రైవ్‌లో 2,660
- 3.07 యాక్సిల్: 2,690, ఓవర్‌డ్రైవ్‌లో 2,210

చివరి వరుస చూడగానే నోరూరుతుంది. కొద్దిసేపు ఆగండి, దాని సంగతి ఐదో అంచెలో తేలుతుంది.

గంటకు 100 కి.మీ. వద్ద, ఓవర్‌డ్రైవ్‌లో నేను మొదలుపెట్టే అంకెలు ఇవి. ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి 2,600 నుంచి 3,000. మూడు లీటర్ల ఆరు సిలిండర్లకు 2,200 నుంచి 2,700. పెద్ద వీ8కి 1,800 నుంచి 2,200. పై ఆర్పీఎంల కోసం కోసిన క్యామ్ షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులు తెరిచే కడ్డీ) వేసి ఉంటే పరిధిలో పై అంచు వైపు ఉండండి. అలాంటి ఇంజిన్ కింద ఆర్పీఎంలో కుదుపుతుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది.

## 4. మొదటి గేరు పరీక్ష

మొదటి గేరు రేషియోను యాక్సిల్ రేషియోతో గుణించండి. చిన్న నాలుగు సిలిండర్ల కార్లకు 12.5 నుంచి 14.5, ఆరు సిలిండర్లకు 11 నుంచి 13, వీ8లకు 9.5 నుంచి 11.5 మధ్య ఉంటే రోజువారీ వాడకానికి బాగుంటుంది.

ఇంతకంటే తక్కువైతే కారు కదిలించడానికి క్లచ్‌ని ఎక్కువసేపు జార్చాలి. రివర్స్‌లో ఎక్కుడు మీదకు ఎక్కించేటప్పుడు ఇంకా కష్టం, క్లచ్ వాసన వస్తుంది. ఎక్కువైతే కారు కదిలిన వెంటనే రెండో గేరు వేయాల్సి వస్తుంది.

ఓవర్‌డ్రైవ్ యూనిట్ కాకుండా ఐదు గేర్ల గేర్‌బాక్స్ వేసేవాళ్లకు ఈ అంచె చాలా ముఖ్యం. ఉదాహరణకు ఫోర్డ్ టైప్ 9లో మొదటి గేరు 3.65. 3.909 యాక్సిల్‌తో అది 14.3 అవుతుంది, పై అంచుకు చేరినట్టే. 3.70 వేస్తే 13.5కి దిగుతుంది. ఇక్కడ యాక్సిల్ అంకె కాస్త తగ్గించడానికి మంచి కారణం ఉంది.

వీ8 కార్లలోనూ ఇదే లెక్క, దిశ మాత్రం వేరు. జీఎం వారి మూడు గేర్ల ఆటోమేటిక్ టీహెచ్350లో మొదటి గేరు 2.52, 3.08 యాక్సిల్‌తో 7.8 మాత్రమే. అక్కడ 700ఆర్4 వేస్తే మొదటి గేరు 3.06, అదే యాక్సిల్‌తో 9.4 అవుతుంది. యాక్సిల్ ముట్టుకోకుండానే కారు చురుగ్గా కదులుతుంది. కానీ నాలుగో గేరులో మొత్తం రేషియో 2.16కి పడిపోతుంది, చాలా ఇంజిన్లకు అది భారం. 3.55 లేదా 3.73 వేస్తే రెండు వైపులా కుదురుతుంది.

## 5. ఎక్కుడు పరీక్ష

నా దృష్టిలో అసలు తీర్పు ఇక్కడే. సమతల రోడ్డు మీద ఏ రేషియో అయినా బాగానే అనిపిస్తుంది. 7 శాతం ఎక్కుడులో నిజం బయటపడుతుంది.

కావలసిన ఇంజిన్ టార్క్ = మొత్తం తోపు బలం × టైరు వ్యాసార్ధం ÷ (మొత్తం రేషియో × 0.9). ఆ 0.9 గేర్లలో పోయే బలానికి వదిలిన వాటా.

1,100 కిలోల కారు, గంటకు 80 కి.మీ., 7 శాతం ఎక్కుడు తీసుకుందాం:

- ఎక్కుడుకి: 1,100 × 9.81 × 0.07 = సుమారు 755 న్యూటన్లు
- టైర్ల రాపిడికి: సుమారు 140
- గాలికి: సుమారు 240
- మొత్తం: 1,135 న్యూటన్లు

టైరు వ్యాసార్ధం అంటే 1.90 ÷ 6.283, అంటే 0.302 మీటర్లు. ఓవర్‌డ్రైవ్ వేసి ఉంచితే ఇంజిన్ ఇవ్వాల్సింది ఇంత:

- 3.909 యాక్సిల్: 2,250 ఆర్పీఎం వద్ద సుమారు 119 న్యూటన్ మీటర్లు
- 3.70 యాక్సిల్: 2,130 వద్ద 126
- 3.07 యాక్సిల్: 1,770 వద్ద 151

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలోని 1.8 లీటర్ల ఇంజిన్ గరిష్ఠ టార్క్ సుమారు 150 న్యూటన్ మీటర్లు, అదీ 3,000 ఆర్పీఎం వద్ద. 1,770 వద్ద అంత రాదు. అంటే 3.07తో ఓవర్‌డ్రైవ్‌లో ఆ ఎక్కుడు ఎక్కడం కుదరదు. డైరెక్ట్‌కి దిగాలి, ఎదురుగాలి ఉంటే మూడో గేరుకి కూడా. ఆ 3.07 ఎంజీబీ జీటీ వీ8కి సరిపోయిన యాక్సిల్. వెనక ఉన్న బలం వేరు.

మీ కారు అంకెలు ఇందులో వేసి చూడండి. అవసరమైన టార్క్ ఆ ఆర్పీఎం వద్ద ఇంజిన్ ఇవ్వగలిగినదానిలో 80 శాతం దాటితే, ఆ యాక్సిల్‌తో ఆ దారిలో ఓవర్‌డ్రైవ్ మాటిమాటికీ వేసి తీయాల్సి వస్తుంది. కొండ దారులు ఎక్కువగా ఉంటే పెద్ద అంకె వైపు మొగ్గండి. ఆర్పీఎం 150 తగ్గిందన్న సంతోషం ఇంజిన్ ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంటే మిగలదు. తక్కువ ఆర్పీఎంలో యాక్సిలరేటర్ అంతా తొక్కి ఉంచితే నాకింగ్ (ఇంజిన్‌లో టకటక మోత) వస్తుంది, బేరింగుల మీద బరువు పడుతుంది, వేడి కూడా పెరుగుతుంది.

## 6. డైరెక్ట్ టాప్‌ని మరిచిపోకండి

ఓవర్‌డ్రైవ్ ఉంది కదా అని 4.55 లాంటి అంకె వేస్తే డైరెక్ట్ టాప్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చిన్న అంకె వేస్తే ఓవర్‌డ్రైవ్ పోతుంది. రెండూ వాడుకునేలా ఉండాలి: డైరెక్ట్ గంటకు 60 నుంచి 90 కి.మీ. దాకా, ఓవర్‌డ్రైవ్ 80 పైన.

లేకాక్ మూడో గేరులో కూడా పనిచేసే కార్లలో మరో సదుపాయం ఉంది. మూడో గేరు 1.38 అయితే ఓవర్‌డ్రైవ్‌తో 1.13 అవుతుంది. కొండ దారిలో మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్న ఆ మెట్టు ఎంతో ఉపయోగపడుతుంది.

కంపెనీలు కూడా ఇదే లెక్క వేసి యాక్సిళ్లు ఇచ్చాయి. ఆస్టిన్-హీలీ 3000కి ఓవర్‌డ్రైవ్ లేకపోతే 3.545, ఉంటే 3.909. జాగ్వార్ మార్క్ 2కి లేకపోతే 3.54, ఉంటే 3.77. ఓవర్‌డ్రైవ్ లేకుండా వచ్చిన కారుకు ఇప్పుడు యూనిట్ బిగిస్తున్నవాళ్లు దీన్ని గమనించాలి. మీ యాక్సిల్ ఇప్పటికే చిన్న అంకె అయి ఉండొచ్చు. అప్పుడు మార్చాల్సింది పెద్ద అంకె వైపు.

## 7. సామాను కొనే ముందు

- క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. రెండింటి మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా చూడండి. విడివిడిగా కలిపితే మోత తప్పదు.
- కొన్ని యాక్సిళ్లలో రేషియోను బట్టి డిఫరెన్షియల్ క్యారియర్ (క్రౌన్ వీల్ బిగించే భాగం) మారుతుంది. డానా 44 అనే యాక్సిల్‌లో 3.73 దాకా ఒకటి, 3.92 నుంచి మరొకటి. ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌కి ఈ ఇబ్బంది లేదు.
- యాక్సిల్ మొత్తం మారుస్తుంటే చక్రాల మధ్య వెడల్పు, స్టడ్లు, బ్రేకులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, షాఫ్ట్ పొడవు, పినియన్ కోణం చూసుకోండి.
- బేరింగులు, ఆయిల్ సీళ్లు, పినియన్ నట్టు, క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టం) కొత్తవి వేయండి.

పెద్ద అంకె వేస్తే షాఫ్ట్ వేగం కూడా పెరుగుతుంది. అదే టైరుతో గంటకు 120 కి.మీ. వద్ద 3.70కి షాఫ్ట్ సుమారు 3,900 చుట్లు తిరుగుతుంది, 4.30కి 4,530. ఇంతకుముందు కనబడని వణుకు అప్పుడు బయటపడొచ్చు. జాయింట్లు చూసి, షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించి బిగించండి.

## 8. బిగింపు

క్రౌన్, పినియన్ సెట్ చేయడం అనుభవం, డయల్ గేజ్ ఉన్నవాళ్ల పని. చేయించినా సరే, ఏం అడగాలో మీకు తెలియాలి. వరుస ఇది: ముందు పినియన్ లోతు, తర్వాత పినియన్ బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్ బిగువు), ఆ తర్వాత బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు), చివరకు రంగు రాసి పళ్ల మీద ముద్ర చూడటం. బ్యాక్‌లాష్ చాలా యాక్సిళ్లలో 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంటుంది, కానీ మీ కారు మాన్యువల్ అంకెనే పాటించాలి.

ముందుకు లాగే వైపు ముద్ర ఇలా చదవండి:

- పంటి మొన మీద పడితే: పినియన్‌ని క్రౌన్ వైపు జరపాలి
- పంటి మొదట్లో పడితే: పినియన్‌ని దూరం జరపాలి
- పంటి లోపలి చివర పడితే: బ్యాక్‌లాష్ పెంచాలి
- పంటి బయటి చివర పడితే: బ్యాక్‌లాష్ తగ్గించాలి

ముద్ర ఫొటో తీయించి ఉంచుకోండి. తర్వాత మోత వస్తే అదే సాక్ష్యం.

ఆయిల్ విషయంలో జాగ్రత్త. హైపాయిడ్ యాక్సిల్‌కి (పినియన్ క్రౌన్ మధ్యకు కాక పక్కకు జరిగి ఉండే రకానికి) జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. లేకాక్ ఓవర్‌డ్రైవ్ మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్‌నే పంచుకుంటుంది, అందులో జీఎల్-5 పోయకూడదు. ఎంజీబీలో అక్కడ 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిల్ వాడతారు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని పని చేయకండి.

## 9. స్పీడోమీటర్

స్పీడో కేబుల్ గేర్‌బాక్స్ లేదా ఓవర్‌డ్రైవ్ వెనక చివర నుంచి తిరుగుతుంది కాబట్టి యాక్సిల్ మారితే అది తప్పు చూపిస్తుంది. చూపించే వేగం = నిజమైన వేగం × కొత్త రేషియో ÷ పాత రేషియో. 3.909 తీసి 3.70 వేస్తే, మీరు 100లో వెళ్తుంటే అది 95 మాత్రమే చూపిస్తుంది. ఇది ప్రమాదం, వెంటనే సరిచేయించండి. డ్రైవ్ పినియన్ మార్చడం, కేబుల్ మధ్యలో చిన్న రేషియో బాక్స్ పెట్టడం, మీటర్‌నే క్యాలిబ్రేట్ చేయించడం అనే మూడు దారులున్నాయి. ఏది చేసినా జీపీఎస్‌తో సరిచూసుకోండి.

## 10. తేడా వస్తే

ఓవర్‌డ్రైవ్ వేయగానే ఇంజిన్ కుదుపుతోంది. గంటకు 80 కి.మీ. కింద వేస్తున్నారేమో చూడండి. పైన కూడా కుదిపితే ఇగ్నిషన్ టైమింగ్, వ్యాక్యూమ్ అడ్వాన్స్ పరీక్షించాకే యాక్సిల్‌ని అనుమానించండి.

ఆటోమేటిక్ మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడుతోంది. మొత్తం రేషియో ఇంజిన్‌కి చాలా చిన్నదైంది, లేదా థ్రాటిల్ కేబుల్ సెట్టింగ్, కన్వర్టర్ లాకప్ (ఆటోమేటిక్‌లోని టార్క్ కన్వర్టర్ జారకుండా పట్టే క్లచ్) వేగం తప్పుగా ఉన్నాయి. తక్కువ ఖర్చుతో సరిచేసుకోగలిగిన కేబుల్ ముందు చూడండి.

లెక్క కంటే ఆర్పీఎం ఎక్కువగా ఉంది. లాకప్ పట్టడం లేదు, ఓవర్‌డ్రైవ్ జారుతోంది, లేదా టైరు కొలత తప్పు.

పెట్రోలు ఖర్చు తగ్గలేదు. తక్కువ ఆర్పీఎంలో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కి నడుపుతున్నారు. ఇంజిన్‌కి వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి. ఒకే వేగంలో డైరెక్ట్‌లో కంటే ఓవర్‌డ్రైవ్‌లో ముల్లు కాస్త పడటం సహజం. సమతల రోడ్డు మీదే ముల్లు సున్నా దగ్గరకు జారితే మీ యాక్సిల్ అంకె చిన్నదైంది.

లాగేటప్పుడు ఒక వేగంలో మాత్రమే ఏడుపు మోత. పళ్ల ముద్ర మళ్లీ చూడాలి. నడవగా నడవగా అదే పోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

## 11. మొదటి ప్రయాణాలు

కొత్త గేర్లతో మొదటి 25, 30 కిలోమీటర్లు మెల్లగా నడిపి, కారు ఆపి, యాక్సిల్ పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడు సార్లు చేయండి. 800 కి.మీ. దాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం, బరువు లాగడం వద్దు.

ఆ తర్వాత యాక్సిల్ ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దింపేయండి. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తని ముద్ద కనిపించడం మామూలే. చేతికి గుచ్చుకునే రేకులు, ముక్కలు కనిపిస్తే కొత్త ఆయిల్ పోయకుండా కవర్ విప్పించండి.